అక్కకి కొసరు

2021 ఆగస్టు పద్నాలుగు, శనివారం. ఆ రోజు అంబుజం ఒకటిన్నర సపోటా పండు తింది. అప్పటికి కొన్నాళ్ళుగా గంజి కూడా రెండు చెంచాలకు మించి గొంతు దిగని మనిషి, పండు చేతికివ్వగానే తనే తొక్క ఒలుచుకుంది. గింజలు అరచేతిలోకి ఉమ్మేసి, "ఇది మన కన్నియమ్మ పండే" అంది. మిగిలిన సగం భర్త తిరువేంగడం తిన్నాడు. ఆ వారంలోనే ఆమె పోయింది. పోయిన తేదీ ఎవరైనా అడిగితే ఆయన కాసేపు ఆలోచించి చెబుతాడు. సపోటా తేదీ మాత్రం తడుముకోకుండా చెబుతాడు.

తిరువేంగడం గుడియాత్తంలో ఒక మేస్త్రీ కొడుకు. వాళ్ళ వీధిలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. చదువయ్యాక కూడా సిమెంటు వాసన వదల్లేదు. వేలూరులో కాంట్రాక్టర్ల దగ్గర సూపర్‌వైజరుగా చేసి, బిహారు కూలీలతో హిందీ నేర్చి, తోటపాళ్యంలో ఒక చిన్న ఇల్లు కట్టుకున్నాడు. మేడమీద ఒక గది వేశాడు. ఎక్కువగా ఊళ్ళోని పెద్ద ఆస్పత్రికి దేశదేశాల నుంచి వచ్చేవాళ్ళకు ఆ గది బాడుగకు ఇస్తాడు. ఇప్పుడు కింద ఆయనొక్కడే.

కన్నియమ్మది గుడియాత్తంలో అంబుజం పుట్టింటి పక్కిల్లు. చిన్నప్పటి నుంచీ అంబుజాన్ని అక్కా అని, ఆ వరసన తిరువేంగడాన్ని బావా అని పిలుస్తుంది. ఆదివారం తప్ప రోజూ తొలి బస్సులో వేలూరు వచ్చి, మార్కెట్టు పక్క సందులో పండ్లు పెట్టుకుని కూర్చుంటుంది. తిరువేంగడం ఆమెకు వాడిక. వాడికగా కొనేవాళ్ళు రేటు అడగరు. అడిగితే నిన్ను నమ్మడం లేదు అన్నట్టే. సంచీ ఇస్తారు, నోటు ఇస్తారు, సంచీ తీసుకుంటారు, చిల్లర తీసుకుంటారు. అంబుజం ఉన్నప్పుడూ అంతే, తర్వాతా అంతే.

అంబుజం పోయాక మొదటిసారి ఆయన ఒంటరిగా సందులోకి వెళ్ళినప్పుడు, కన్నియమ్మ తూకం ముగించి, సంచీ ఇవ్వబోయి ఆగి, పైన ఒక సపోటా పెట్టింది. "ఇది అక్కకి" అంది. అప్పటి నుంచి ఏ వారమూ మానలేదు. సపోటాలు లేని కాలంలో ఒక జామకాయ, అదీ లేకపోతే ఒక చీనీకాయ. ఆయన దాన్ని ఇంటికి తెచ్చి అంబుజం పటం ముందు పెడతాడు. మర్నాడు తనే తింటాడు. ఆమెను తలచుకునే మనిషి లోకంలో ఇంకొకరున్నారన్న మాట వారానికొకసారి సంచీలో పడుతుంటే, మిగతా ఆరు రోజులు ఎలాగో గడిచిపోయేవి.

ఈ ఏడు ఫిబ్రవరిలో మేడమీదికి షెఫాలి వచ్చింది. బంగ్లాదేశ్‌లో బరిసాల్ అనే ఊరు. తల్లికి వైద్యం. డాక్టర్లు ఆరు నెలలు పడుతుందన్నారు. ముసలామెకు అన్నం సయించదు. దానిమ్మ గింజలు గిన్నెలో వేసి ఇస్తే ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటుంది. షెఫాలి ఆయన్ని చాచా అంటుంది. ఇద్దరూ హిందీలోనే మాట్లాడుకుంటారు. ఆమె హిందీ సినిమాల నుంచి వచ్చింది, ఆయన హిందీ సిమెంటు మూటల మధ్య నుంచి. అయినా పని జరిగిపోతుంది.

ఒక సాయంత్రం ఆమె మెట్లెక్కుతుంటే చేతిలో సూపర్‌మార్కెట్ కవరు కనిపించింది. అందులో మూడు దానిమ్మ పండ్లు, ఒక్కోదానికి తెల్లటి నురగ వల తొడిగి ఉంది. తిరువేంగడం కళ్ళజోడు పెట్టుకుని చీటీ చదివాడు. చదివి, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివాడు.

"కిలో రెండు వందల అరవై?"

"అవును చాచా."

"పండుకి చొక్కా తొడిగినారే! ఈ చొక్కా కూడా తూకంలోనేనా?"

షెఫాలి నవ్వింది. "అక్కడ రేటు రాసి ఉంటుంది చాచా. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. భాష రానివాళ్ళకి అదే నయం."

"అయ్యో తల్లీ! ఇంత దూరం వచ్చి దోపిడీకి గురవుతావా? మార్కెట్టు పక్క సందులోకి వెళ్ళు. మూలన కన్నియమ్మ అని ఉంటుంది, ముక్కుకి రెండు పక్కలా పుడకలు. దానిమ్మ నూట అరవైకి ఇస్తుంది. నేనక్కడే కొంటాను. నా పేరు చెప్పు. పైన కొసరు కూడా వేస్తుంది."

నూట అరవై అన్నది ఆయన లెక్క. ఇచ్చిన నోటులోంచి వచ్చిన చిల్లర తీసేస్తే తేలిన లెక్క. అది తన రేటని కాక, మార్కెట్టు రేటని ఆయన అనుకున్నాడు. ఎప్పుడూ అడగనివాడు అలాగే అనుకుంటాడు.

ఆ తర్వాత షెఫాలి చేతిలో మళ్ళీ సూపర్‌మార్కెట్ కవరు కనబడలేదు. పొద్దున్నే పచ్చ ముసుగు వేసుకుని, గుడ్డ సంచీతో సందులోకి వెళ్ళి వచ్చేది.

"కన్నియమ్మ దగ్గరేనా?"

"అవును చాచా."

"చవకేనా?"

"చాలా చవక చాచా."

ఆయన ఛాతీ కొంచెం పొంగేది. పరాయి దేశంలో ఉన్న పిల్లకు తన ఊరివాళ్ళ చేత ఒక మేలు చేయించానన్న సంతోషం. టీకొట్టు దగ్గర కూడా చెప్పుకున్నాడు. "ఆ ఏసీ కొట్లలో దోచుకుంటారప్పా. మనోళ్ళు మనోళ్ళే."

మేడమీద గది తలుపు గడియ తుప్పు పట్టి, వేసినప్పుడల్లా కీచుమనేది. ముసలామెకు అసలే నిద్ర పలచన. ఒక శనివారం సాయంత్రం తిరువేంగడం నూనె డబ్బా, ఆకురాయి పట్టుకుని పైకి వెళ్ళాడు. షెఫాలి గుమ్మం పక్కన కూర్చుని దానిమ్మ ఒలుస్తోంది. సగం పండే. మిగతా సగాన్ని కాగితంలో చుట్టి కిటికీలో పెట్టింది. సంచీలో ఇంకేమీ లేదు.

"అదేమిటి, ఒక్కటే తెచ్చావా?" అన్నాడాయన, గడియ విప్పుతూ.

షెఫాలి జవాబు చెప్పేలోగా మంచం మీంచి ముసలామె తన భాషలో గబగబా ఏదో అంది. ఆమె మాటల్లో ఆయనకు "తీన్ షో" అన్నది అర్థమైంది. మూడు వందలు. తర్వాత "సూపర్‌మార్కెట్" అన్నది. షెఫాలి "మా! మా!" అంటూ తల్లిని ఆపబోయింది. ముసలామె ఆగలేదు. తిరువేంగడం వైపు చేయి చూపించి, ఇంకా ఏదో అంది.

"ఏమంటోంది?"

"ఏం లేదు చాచా. మందుల చిరాకు."

"కిలో మూడు వందలా? కన్నియమ్మ దగ్గరా?"

షెఫాలి గిన్నెలోని ఎర్రటి గింజలు ఒక పక్కకు జరుపుతూ, "పండు మంచిది చాచా. లోపల చెడిపోయినవి ఉండవు" అంది.

"సూపర్‌మార్కెట్లో రెండు వందల అరవై కదా! మరి అక్కడికెందుకు వెళ్తున్నావు?"

"మీరు చెప్పారు కదా."

తిరువేంగడం చేతిలోంచి ఒక మర జారి మెట్ల మీద ఠంగుమని పడి, కిందికి దొర్లుకుంటూ పోయింది. ఆయన దాన్ని చూడను కూడా లేదు.

"నా పేరు చెప్పలేదా?"

"ఒకరి పేరు చెప్పి తగ్గించుకోవడం నాకు నామోషీ చాచా. మీరేమో కలిసినప్పుడల్లా చవకేనా చవకేనా అని అంత సంతోషంగా అడుగుతారు. కాదని ఎలా చెప్పను?"

"పైన కొసరైనా వేసిందా? తూకం అయ్యాక ఒక పండు ఎక్కువ..."

షెఫాలి మొహం ఒక్కసారి వెలిగింది. "ఫావు! మా ఊళ్ళో దాన్ని ఫావు అంటాం. మా వైపు జామకాయలు పడవల మీద అమ్ముతారు. పడవవాడు ఫావు వేయకపోతే మా నాన్న పడవ కదలనిచ్చేవాడు కాదు." వెంటనే గొంతు తగ్గించింది. "పరాయి ఊళ్ళో ఫావు ఎలా అడుగుతాం చాచా? అది తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళకి ఇచ్చుకునేది కదా."

ఆయన మర వెతికి తెచ్చి, గడియ బిగించి, నూనె వేసి కిందికి దిగాడు. పటం ముందు ఆ పొద్దున పెట్టిన సపోటా ఉంది. దాని వంక చూడబుద్ధి కాలేదు. తన మాట నమ్మి ఒక పిల్ల ఇన్నాళ్ళూ ఎక్కువ డబ్బు పోసి, తల్లికి సగం సగం పండు పెడుతోంది. పోనీ సూపర్‌మార్కెట్ మోసం చేసిందా అంటే, అదీ కాదు. ఏ దోపిడీ నుంచి తప్పించానని పొంగిపోయాడో, అంతకంటే పెద్దదానికి తనే చేయి పట్టుకుని దారి చూపించాడు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం గుడియాత్తం బస్సెక్కాడు. పళ్ళికొండ దాటేదాకా ఏం అడగాలో కూర్చుకున్నాడు. దాటాక, అడగకుండా తిరిగి వచ్చేస్తే ఏమవుతుందో ఆలోచించాడు. అడిగితే వారానికొక సపోటా ఆగిపోతుంది. అడగకపోతే షెఫాలికి చెప్పిన మాట అబద్ధమై మిగిలిపోతుంది.

కన్నియమ్మ ఇంటి ముందు గోనె పరిచి, సోమవారానికి పండ్లు ఏరుతోంది. పక్కింట్లో లుంగీ మగ్గం టకటకమంటోంది.

"రా బావా, రా! యేంది, ఆదివారం పూట? బస్సు తప్పినావా, దోవ తప్పినావా?"

"నీతో మాట్లాడాలని వచ్చినా."

"అబ్బో! మాట్లాడేకి ఛార్జీ పెట్టుకుని వచ్చినావంటే పెద్ద మాటే. కూచో."

ఆయన తిన్నె మీద కూర్చున్నాడు. "పచ్చ ముసుగేసుకోని ఒక బంగ్లా అమ్మి తెల్లార్తోనే నీ దగ్గరికి వస్తాది, ఎరుకేనా?"

"ఓ, ఆ అమ్మా! ఎరుకే. మంచి పిల్ల. బేరమే చెయ్యదు పాపం. చెప్పిన రేటు చెప్పినట్టు ఇచ్చి పోతాది."

"ఆ పిల్ల మా మేడమీద ఉండాది."

కన్నియమ్మ చేయి పండు మీద ఆగిపోయింది. "ఆ మాట చెప్పలేదే!"

"నా పేరు చెప్పమన్నా. సిగ్గుపడి చెప్పలేదు. కిలో మూణ్ణూరు తీసుకున్యావంట."

"తీసుకున్యా."

కాదంటుందని, బుకాయిస్తుందని, అప్పుడు కోప్పడదామని ఆయన సిద్ధపడి వచ్చాడు.

"మరి నాకు నూటరవైకి ఇస్తాండావు కదా?"

"నీకు నూటరవై."

"మండీలో నీకెంత పడతాది?"

"నూటెనబై. ఒక్కోనాడు రెండొందలు."

మగ్గం చప్పుడు ఆయన చెవుల్లోంచి పోయింది. "అంటే... నాకు నష్టానికి ఇస్తాండావా?"

"నువ్వు యెప్పుడన్నా రేటు అడిగినావా బావా? అక్క ఉన్నెప్పుడు చెప్పిన రేటు అది. ఆయమ్మ పోయినాక మండీ రేటు పెరిగింది. నీకు యెట్ల చెప్పేది? నీ మొగం చూస్తే నోరు రాలే. శుమ్మా, ఊరికే అట్నే పోనీ అనుకున్యా. ఆడ్నించి పోతానే ఉండాది."

"అయితే ఆ నష్టం..."

"యాడ పూడ్చుకునేది? మండీవాడు నాకు కొసరేస్తాడా? కుళ్ళినవి వాపసు తీసుకుంటాడా? ఇది అక్కకి, ఇది అక్కకి అని నేనేసే పండు యాడిదనుకున్యావు? చెట్టు మీదనించి శుమ్మా పడిందా?"

నాలుగేళ్ళుగా పటం ముందు పెట్టినదంతా ఎవరెవరి గిన్నెల్లోంచి వచ్చిందో ఇప్పుడు వరసగా కనబడుతోంది.

"రోగంతో వచ్చినోళ్ళ దగ్గరనా కన్నియమ్మా?"

"రోగమొచ్చినోళ్ళే కద బావా పండు కొనేది! ఒంట్లో బాగుండేవాడు పరోటా తింటాడు." ఆమె గొంతు పెరిగింది. "సరే, నేను పాపిష్టిదాన్ని. ఆ పిల్లకాడ నువ్వు గదికి యెంత తీసుకుంటాండావు?"

"పన్నెండు వేలు."

"అంతకు ముందర ఆ గదిలో యువరాణి టీచరమ్మ ఉన్నెప్పుడు?"

ఆయన తిన్నె మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

"చెప్పు బావా. మనూరమ్మి కదా. ఆయమ్మకి యెంత?"

"ఏడు."

"గది అదే కదా? పెద్దదేమీ చెయ్యలేదు కదా?"

ఆస్పత్రి చుట్టుపక్కల వీధుల్లో అదే వాడుక. ఊరివాళ్ళకొక బాడుగ, వచ్చిపోయేవాళ్ళకొక బాడుగ. దాన్ని ఎవరూ దోపిడీ అనరు, ఆస్పత్రి రేటు అంటారు. ఆయనా అలాగే అన్నాడు. నురగ చొక్కా తొడిగిన పండు చూసి అయ్యో తల్లీ అన్న నోటితోనే ఆ పిల్లకు పన్నెండు వేలకు రసీదు ఇస్తున్నాడు.

కన్నియమ్మ లోపలికెళ్ళి కాఫీ తెచ్చింది. "తాగు. దీనికి రేటు లేదులే" అంది. అందులో ఎకసెక్కం సగం, జాలి సగం. తను కూడా ఎదురుగా కూర్చుంది. ఆమె మళ్ళీ పండ్లు ఏరడం మొదలుపెట్టింది. మెత్తబడినవి ఒక పక్కకు. అవి తను తినేవి.

కాఫీ గ్లాసు కింద పెట్టి తిరువేంగడం సంచీ చాపాడు. "ఒక కిలో దానిమ్మ వెయ్యి."

ఆమె తక్కెడ అందుకుంది.

"ఉండు. కిలో యెంత?"

పుట్టి పెరిగిన ఊళ్ళో, ఇన్నేళ్ళ వాడికలో, ఆయన ఆ ప్రశ్న ఆమెను అడగడం అదే మొదలు. కన్నియమ్మ చెంపదెబ్బ తిన్నట్టు చూసింది. "నన్నా బావా అడుగుతాండావు?"

"నిన్నే. నాకొక రేటు, ఆ పిల్లకొక రేటు వొద్దు. నీకు గిట్టేది, అందరికీ చెప్పగలిగేది ఒకటి చెప్పు. అదే ఇస్తా."

ఆమె చాలాసేపు తక్కెడ గిన్నెను పైటతో తుడిచింది. "రెండొందల ఇరవై" అంది చివరికి. "ఆ పిల్లకీ అదే. రేటు పెంచితే ఊరోళ్ళు ఒప్పుకోరు బావా. కయ్యానికి వస్తారు."

"వస్తే రానీ. నేనొచ్చి నీ పక్కన కూచుంటా."

"నువ్వు కూచుంటే ఉన్న బేరం కూడా పోతాది" అంది. కానీ పెదవి కొసన నవ్వు వచ్చింది.

డబ్బు ఇచ్చాడు. లెక్క సరిగ్గా సరిపోయింది. చిల్లర లేదు. ఆమె సంచీ ఇవ్వబోయింది. అలవాటు ప్రకారం చేయి సపోటాల బుట్ట దాకా వెళ్ళి, అక్కడే గాల్లో నిలిచింది.

"ఇది... వొద్దా?"

తిరువేంగడం సంచీ నోరు తెరిచి పట్టుకున్నాడు. "వెయ్యి. అది బేరంలోది కాదు కదా."

ఆమె బాగా పండినదాన్ని ఎంచి, వేలితో నొక్కి చూసి పైన పెట్టింది. "అక్కకి" అంది, ఈసారి నెమ్మదిగా.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. పటం ముందు నిలబడి సంచీలోంచి సపోటా చేతిలోకి తీసుకున్నాడు. అక్కడ పెట్టలేదు. మళ్ళీ సంచీలోనే పెట్టి మేడ మెట్లెక్కాడు.

షెఫాలి తలుపు తీసింది. ఆయన సంచీ ఆమె చేతికిచ్చి, ఒక్క గుక్కలో చెప్పేశాడు. "రేపటి నుంచి కన్నియమ్మ నీకూ నాకూ ఒకే రేటు ఇస్తుంది. అక్కడ కొంటావో, సూపర్‌మార్కెట్లో కొంటావో నీ ఇష్టం. అక్కడ రేటు రాసి పెడతారు, మొహం చూసి మార్చరు. ఆ మంచి నాకు ఇన్నాళ్ళూ కనబడలేదు. ఇంకొకటి. గది బాడుగ ఈ నెల నుంచి ఏడు వేలు."

షెఫాలి మొహంలో సంతోషం రాలేదు. భయం వచ్చింది. "ఎందుకు చాచా? గది ఖాళీ చేయాలా? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"లేదమ్మా."

"గోడకి ఏమైనా అయిందా?"

"గోడ నేను కట్టిందే. దానికేమీ కాదు." ఆయన చేతులు నలుపుకున్నాడు. "ఆ గది రేటే అది. నేనే తప్పు చెప్పాను. నువ్వు ఇప్పటిదాకా ఇచ్చినదాంట్లో ఎక్కువైంది వచ్చే బాడుగల్లో తగ్గిస్తాను."

ఆమె ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. ఎక్కడో మెలిక ఉందేమోనని వెతుకుతున్నట్టు చూసి, దొరకక, సంచీలోకి చూసింది. పైన సపోటా.

"ఇది?"

"ఫావు" అన్నాడాయన. ఆ పరాయి మాట తన నోట్లో వింతగా పలికింది. "మీ అమ్మకి."

షెఫాలి లోపలికి వెళ్ళింది. ముసలామె మంచం మీద లేచి కూర్చుని పండు వాసన చూడడం గుమ్మంలోంచి కనిపించింది. కాసేపటికి షెఫాలి చిన్న గిన్నెతో తిరిగి వచ్చింది. అందులో సగం సపోటా, గింజలు తీసి ఉంది. "సగం మీకు ఇమ్మంది. ఒక్కతే తినదట."

తిరువేంగడం మెట్ల మీదే నిలబడి తిన్నాడు. తియ్యగా, కాస్త ఇసుకలా, ఎప్పటిలాగే ఉంది. ఖాళీ గిన్నె తిరిగి ఇచ్చి, కిందికి దిగి, తన గదిలో కూర్చుని, పైన గడియ కీచుమంటుందేమోనని చెవి ఒగ్గాడు. చప్పుడేమీ వినబడలేదు. మెట్ల మీద పడుతున్న వెలుతురు సన్నబడి, సన్నబడి, గీతై, పోయింది. షెఫాలి తలుపు వేసుకుందని అప్పుడు తెలిసింది.